పనస బాడీ, టేకు మెడ: నా మొదటి సెట్-నెక్ గిటార్ మొత్తం కథ

విజయనగరంలో 11 ఏళ్లుగా గిటార్లు రిపేర్ చేస్తున్నా. ఫ్రెట్లు (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్లు) మార్చడం, నట్ (మెడ పైచివర తీగలు ఆనే గాళ్ల ముక్క) కోయడం, విరిగిన హెడ్‌స్టాక్‌లు (మెడ చివర తీగలు బిగించే తల భాగం) అతికించడం, ఇవన్నీ లెక్కలేనన్ని చేశా గానీ చెక్క పలక నుంచి మొదలుపెట్టి తీగలు బిగించేదాకా ఒక్క గిటార్ కూడా నా చేత్తో చెయ్యలేదు. పోయిన ఏడాది ఫిబ్రవరిలో మొదలుపెట్టి అక్టోబర్‌లో ముగించా. ఈ పని నేర్చుకుందామనుకునే మనవాళ్లకి తెలుగులో లెక్కలతో సహా రాసినవి నాకు దొరకలేదు, అందుకే ఎక్కడ తప్పు చేశానో, దాన్ని ఎలా దిద్దుకున్నానో అంతా రాస్తున్నా.

ముందు సెట్-నెక్ అంటే ఏంటో చెప్తా. ఎలక్ట్రిక్ గిటార్‌కి మెడని బాడీకి కలిపే పద్ధతులు ముఖ్యంగా మూడు. స్క్రూలతో బిగించేది బోల్ట్-ఆన్, 1950లో ఫెండర్ మార్కెట్లోకి తెచ్చిన గిటార్లు ఈ రకం. మెడ చెక్కే బాడీ మధ్యలోంచి చివరిదాకా సాగితే అది నెక్-త్రూ. మెడ చివర నాలుకలాంటి ముక్క వదిలి, దాన్ని బాడీలో తవ్విన పాకెట్‌లో కూర్చోబెట్టి జిగురుతో శాశ్వతంగా అతికిస్తే సెట్-నెక్, 1952లో వచ్చిన గిబ్సన్ లెస్ పాల్ ఇలాంటిదే. ఆ నాలుకని టెనాన్ అంటారు. బోల్ట్-ఆన్‌లో మెడ కోణం తేడా వస్తే స్క్రూలు విప్పి సన్నటి ముక్క దూర్చి సరిచేసుకోవచ్చు. సెట్-నెక్‌లో జిగురు ఆరాక ఏమీ చెయ్యలేం, చెయ్యాలంటే ఆవిరి పట్టి, వేడి కత్తి పెట్టి మొత్తం ఊడదీయాలి, అది నేను వేరేవాళ్ల గిటార్లకి రెండుసార్లు చేశా, మూడోది నాదే కాకూడదని ముందే గట్టిగా అనుకున్నా.

చెక్క దగ్గరికి వస్తే, అందరూ మహాగని వాడతారు. నాకు మాత్రం పనస వాడాలని కోరిక, ఎందుకంటే బొబ్బిలి మాకు పక్కనే. ఆ బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో వీణలు చేసేవాళ్లు ఒకే పనస దుంగని తొలిచి కుండ, దండి అన్నీ ఒకే ముక్కలో తీస్తారు, ఏకాండి వీణ అంటే అదే, ఎక్కడా అతుకుండదు. పలక వెతుక్కుంటూ అటు వెళ్తే ఒక పెద్దాయన నా కాగితం మీద బొమ్మ చూసి "మెడ వేరే ముక్కేటి బాబూ, మరి అతుకు ఎక్కడ పెడతావు?" అని అడిగారు. చూపించా. ఆయన వేలితో ఆ చోట రెండుసార్లు తట్టి "బరువంతా ఇక్కడే పడతాది" అన్నారు, అంతే. నిజంగా అంతే కదా, ఆరు తీగలు కలిసి సుమారు 45 కేజీల బరువుతో లాగుతాయి, ఆ లాగుడంతా మెడని ముందుకి మడవాలనే చూస్తుంది.

పలకని ఇంటికి తెచ్చి పై గదిలో అడ్డకర్రల మీద నాలుగు నెలలు ఊరికే ఉంచా. మీటర్ పెడితే 11 శాతం తేమ చూపించాకే కోశా. రెండు ముక్కలు అంచులు కలిపి అతికిస్తే 42 మి.మీ. మందం బాడీ వచ్చింది. మెడకి మాత్రం కొత్త చెక్క కొనలేదు, కూల్చేసిన పాత ఇంటి టేకు ద్వారబంధం ఒకటి మా నాన్న దాచారు, ఆయన వడ్రంగి పనిలోనే బతికిన మనిషి, అందులోంచి పోగు, అంటే చెక్క నార, నిట్టనిలువుగా, వంకర లేకుండా ఉన్న భాగం ఏరి తీశాం. అన్నేళ్లు ఎండకీ వానకీ తట్టుకున్న చెక్క, ఇక కొత్తగా మెలి తిరగడానికి దాన్లో ఏం మిగల్లేదు. ఫింగర్‌బోర్డు, అంటే మెడ మీద వేళ్లతో తీగలు నొక్కే పట్టీ, మన రోజ్‌వుడ్, జిట్టేగి, 6 మి.మీ. మందం.

హెడ్‌స్టాక్ వెనక్కి వాలే కోణం 13 డిగ్రీలు పెట్టా, అదీ ఒంటి ముక్కలో చెక్కకుండా ఏటవాలుగా కోసి తిరగేసి అతికించా. ఒంటి ముక్కలో చెక్కితే నట్ వెనకాల పోగు అడ్డంగా తెగిపోతుంది, గిటార్ వెనక్కి పడితే సరిగ్గా అక్కడే విరుగుతుంది, నా బల్ల మీదకి వచ్చే విరుగుళ్లలో సగం పైన అవే. ఏటవాలు అతుకులో పోగు రెండు ముక్కల్లోనూ పొడవునా నడుస్తుంది.

ఫ్రెట్ల లెక్క చాలామంది భయపడతారు గానీ చాలా తేలిక. స్కేల్ పొడవుని, అంటే నట్ నుంచి బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు ఆనే ముక్క) దాకా ఉన్న పొడవుని, 17.817తో భాగిస్తే మొదటి ఫ్రెట్ దూరం వస్తుంది, మిగిలిన పొడవుని మళ్లీ 17.817తో భాగిస్తే మొదటిదాన్నుంచి రెండోదానికి దూరం వస్తుంది, దాన్ని ముందుదానికి కలుపుకోవాలి, అలా 22 దాకా. నాది 24.75 అంగుళాలు అంటే 628.65 మి.మీ., కాబట్టి మొదటిది 35.28 దగ్గర, 12వది సరిగ్గా సగం, 314.3 దగ్గర. ఒక్కటే జాగ్రత్త, ప్రతి దూరం నట్ నుంచే కొలవాలి, ఒక ఫ్రెట్ నుంచి ఇంకో ఫ్రెట్‌కి కొలుచుకుంటూ పోతే చిన్న చిన్న తేడాలు కూడుకుని చివర్లో అపస్వరం అవుతుంది. వీణకైతే 24 మెట్లూ మైనంలో కూర్చుంటాయి, చెవితో విని జరిపి పెట్టుకుంటారు, తర్వాత మైనం కరిగించి మళ్లీ పెట్టించుకోవచ్చు. ఇక్కడ రంపం గాడి పడిందంటే పడిందే.

ఇప్పుడు అసలు విషయం, మెడ కోణం. దీని గురించే ఎక్కువ రాస్తా, ఎందుకంటే నేను తప్పు చేసింది ఇక్కడే.

నేను వాడింది ట్యూన్-ఓ-మాటిక్ బ్రిడ్జ్. ఇది బాడీ పైన ఎత్తుగా నిలబడుతుంది, కాబట్టి మెడ వెనక్కి కొంచెం వాలి ఉండాలి, లేకపోతే తీగలు ఫ్రెట్ల మీద ఆకాశంలో ఉంటాయి. ఎంత వాలాలో ఊహించక్కర్లేదు, లెక్క కట్టొచ్చు. నా డిజైన్‌లో ఫింగర్‌బోర్డు చివర, 22వ ఫ్రెట్ దగ్గర, బాడీ పైభాగానికి ఆనుకుని ఉంటుంది, అక్కడి నుంచి బ్రిడ్జ్‌కి సుమారు 176 మి.మీ. దూరం. 176 మి.మీ.కి 2 డిగ్రీలంటే 6.2 మి.మీ. పైకి లేస్తుంది. బోర్డు మందం 6 కలిపితే 12.2. ఫ్రెట్ ఎత్తు 1.2, తీగకి కావాల్సిన ఎత్తు ఇంకో 3 కలిపితే 16.4 మి.మీ. దగ్గర తీగ బ్రిడ్జ్ మీద కూర్చోవాలి. నేను కొన్న బ్రిడ్జ్‌ని పూర్తిగా దించితే 14 మి.మీ., అంటే పైకీ కిందకీ జరుపుకోవడానికి హాయిగా చోటుంది. కాగితం మీద అంతా బాగుంది.

పాకెట్‌నీ, ఫింగర్‌బోర్డు కూర్చునే వాలునీ రౌటర్‌తో (చెక్క తవ్వే మెషీన్) తవ్వడానికి రెండు పట్టీల వాలుబల్ల చేసుకున్నా. 300 మి.మీ. పట్టీకి ఒక చివర కింద 10.5 మి.మీ. దిమ్మ పెడితే సరిగ్గా 2 డిగ్రీలు. పనికిరాని చెక్క మీద ఒకసారి తవ్వి చూస్తే రౌటర్ అంచు దగ్గర ఊగుతోంది, పట్టీలు పొట్టిగా ఉన్నాయని 600 మి.మీ. కొత్త పట్టీలు కోసి బిగించా. దిమ్మ మాత్రం పాతదే ఉంచేశా. పట్టీ రెండింతలైతే దిమ్మ కూడా రెండింతలు కావాలి కదా, ఆ చిన్న విషయం ఆ పూట బుర్రకి తట్టలేదు, 10.5ని 600 మీద పెడితే వచ్చేది 1 డిగ్రీ మాత్రమే. అలాగే అసలు బాడీని తవ్వేశా.

తవ్వాక చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. టెనాన్ 40 మి.మీ. వెడల్పు, పాకెట్‌లోకి చేత్తో నొక్కితే మెత్తగా దిగి, మెడ పట్టుకుని పైకెత్తితే జిగురు లేకుండానే బాడీ వేలాడుతూ లేచింది. మా నాన్నకి చూపిస్తే తలూపారు గానీ "జిగురు జోలికి పోకురా ఇంకా, రేపు పొద్దున్న ఇంకోసారి కొలువు" అన్నారు. మర్నాడు బోర్డు మీద పొడుగు స్టీల్ స్కేల్ ఆనించి, బ్రిడ్జ్ వచ్చే చోట స్కేల్ కింద నుంచి బాడీకి కొలిస్తే 12.2 రావాల్సింది 9.1 వచ్చింది. మూడుసార్లు కొలిచా, మూడుసార్లూ 9.1. దానికి ఫ్రెట్టు 1.2, తీగ 3 కలిపితే 13.3, బ్రిడ్జ్ కనిష్ఠ ఎత్తు 14. తేడా 0.7 మి.మీ. మాత్రమే కదా అనిపించొచ్చు, కానీ బ్రిడ్జ్ నేలకి దిగిపోయాక ఇంక దింపడానికి వెంట్రుకంత చోటుండదు, వానాకాలంలో మెడ కొంచెం ముందుకి వంగిందంటే ఆ గిటార్ వాయించలేరు.

ఈ తప్పు నాకొక్కడికే జరిగింది కాదు. 1952లో వచ్చిన మొదటి లెస్ పాల్‌లలోనూ మెడ వాలు చాలా తక్కువ, దాంతో తీగల్ని బ్రిడ్జ్ కడ్డీ పైనుంచి కాకుండా కిందనుంచి చుట్టాల్సొచ్చింది, వాయించేవాళ్లు అరచెయ్యి ఆనించి తీగల్ని మూయడానికి వీల్లేకుండా పోయింది. 1953లో వాలు పెంచి, బ్రిడ్జ్ మార్చి సరిచేశారు, ట్యూన్-ఓ-మాటిక్ 1954లో వచ్చింది. గిటార్ చరిత్రలో అంత పేరున్న మోడల్ కూడా ఈ ఒక్క కోణం దగ్గరే తడబడింది అని చదివి నాకు ధైర్యం వచ్చింది, అది నిజం.

దిద్దడం ఎలాగంటే, దిమ్మని 21 మి.మీ. చేసి మళ్లీ పట్టీలు బిగించా, పక్క గోడలు ముట్టుకోకుండా నేలనీ పై వాలునీ మాత్రమే తవ్వా. బోర్డు చివర వైపు ఏమీ తగ్గలేదు, మెడ వైపు అంచు దగ్గర ఇంకో 1.3 మి.మీ. లోతు పోయింది. అక్కడితో అయిపోలేదు. మెడ వాలు మారగానే మెడ భుజం, అంటే టెనాన్ మొదట్లో బాడీ పక్కకి ఆనుకునే అడ్డ ముఖం, అది కలవడం మానేసింది, ఒక చివర 0.6 మి.మీ. సందు కనిపించింది. దాన్ని ఉలితో చెక్కా, రౌటర్ కాదు, చాక్ పొడి రాసి, నొక్కి, తీసి, అంటుకున్న చోటు మాత్రం గీకి, మళ్లీ నొక్కి, ఇలా రెండు సాయంత్రాలు పట్టింది. భుజం చెక్కితే మెడ లోపలికి కొంచెం జరుగుతుంది, బ్రిడ్జ్ రావాల్సిన చోటు కూడా దాంతో జరుగుతుంది, కానీ బ్రిడ్జ్ రంధ్రాలు ఇంకా వెయ్యలేదు కాబట్టి పర్వాలేదు. మొదటిసారి చేసేవాళ్లు ఎవరడిగినా నేను ముందు చెప్పేది ఇదే, మెడ అతికి ఆరేదాకా బ్రిడ్జ్‌కి డ్రిల్ పెట్టొద్దు. రెండోసారి కొలిస్తే 12.1. ఆ రోజు బల్ల మీద స్కేల్ తీసి పక్కన పెట్టి చాలాసేపు దాన్ని చూస్తూ కూర్చున్నా.

పక్కవాటు కూడా చూడాలి. నట్ రెండు అంచుల నుంచి రెండు గేలం తీగలు బ్రిడ్జ్ దాకా లాగి, బోర్డు రెండు అంచులకీ దూరం సమానంగా ఉందా లేదా అని చూశా. సరిపోయింది.

జిగురు రోజు గురించి. పసుపు రంగు చెక్క జిగురు వాడా, తెల్ల జిగురు కాదు. తెల్లది చాలావరకు బరువు కింద, వేడికి మెల్లగా సాగుతుంది, తలుపుకి పర్వాలేదు గానీ రోజంతా తీగలు లాగే చోట అది వద్దు. ఈ పసుపు జిగురు రాశాక మహా అయితే 5 నిమిషాల్లో క్లాంప్ బిగించాలి, మా ఊళ్లో ఎండ మధ్యాహ్నం అయితే అంత టైం కూడా ఉండదు. అందుకే తెల్లవారుజామున 5 గంటలకి లేచి పని పెట్టుకున్నా. టేకులో నూనె ఉంటుంది, జిగురు పట్టదు, కాబట్టి టెనాన్‌ని అప్పటికప్పుడు కొత్తగా గీకి, ఎసిటోన్ గుడ్డతో తుడిచి, అది ఆరిన వెంటనే జిగురు రాశా, ముందురోజు తుడిచి పెట్టుకుంటే నూనె మళ్లీ పైకి వచ్చేస్తుంది. బోర్డు పైభాగం గుండ్రంగా ఉంటుంది కదా, దానికి సరిపడే గుల్ల ముక్క ఒకటి ముందే చెక్కి దాని మీద క్లాంప్ పెట్టా, లేకపోతే బోర్డు నొక్కుకుపోతుంది. ఒక క్లాంప్ కిందకి, ఇంకోటి మెడని భుజం వైపు లాగుతూ. నాన్న మెడ పట్టుకున్నారు, నేను బిగించా, మొత్తం పని 4 నిమిషాలు. దానికి ముందు జిగురు లేకుండా ఇదే తతంగం మూడుసార్లు రిహార్సల్ చేశాం, ఏ క్లాంప్ ఏ చేతికి అందాలో కూడా. 24 గంటలు ముట్టుకోలేదు.

క్లాంపులు తీసి కొలిస్తే 12.0. అప్పుడు గానీ అన్నం సహించలేదు.

బ్రిడ్జ్ స్థానం గురించి క్లుప్తంగా చెప్తా. సన్న ఇ తీగ శాడిల్ (బ్రిడ్జ్ మీద తీగ ఆనే చిన్న ముక్క) 628.65 కన్నా ఒకటిన్నర మి.మీ. వెనక, లావు ఇ తీగ దానికన్నా ఇంకో 3 మి.మీ. వెనక ఉండేలా ఏటవాలుగా రంధ్రాలు వేశా. తీగని నొక్కితే అది కొంచెం సాగి శ్రుతి పెరుగుతుంది, లావు తీగలో ఆ పెరుగుదల ఎక్కువ, అందుకే పొడవు కలపాలి. వైరింగ్‌లో చెప్పుకోవాల్సింది ఏం లేదు, రెండు హంబకర్లు (తీగల కదలికని పట్టే జంట చుట్ల పికప్‌లు), 500 కిలో ఓమ్ పాట్లు (వాల్యూమ్, టోన్ తిప్పుళ్లు) నాలుగు, 0.022 మైక్రోఫారడ్ కెపాసిటర్లు రెండు. టెయిల్‌పీస్ (తీగల చివర్లు పట్టుకునే కడ్డీ) రంధ్రం నుంచి కంట్రోల్ గుంటలోకి ఎర్త్ వైర్ దారి మాత్రం ఫినిష్ కొట్టక ముందే డ్రిల్ చేసుకోండి.

ఫినిష్. ఇది నన్ను ఆగస్ట్ మొత్తం ఏడిపించింది. ఎన్‌సి (నైట్రోసెల్యులోజ్) లక్కరే కొట్టాలని నా పట్టు, ఎందుకంటే దాని పొరలు ఒకదాంట్లో ఒకటి కరిగి కలిసిపోతాయి, రేపు గీత పడినా దిద్దొచ్చు, రిపేర్ చేసేవాడిగా అది నాకు ముఖ్యం. పనసకి రంగు వెయ్యలేదు, ఆ పసుపు చూస్తూ చూస్తూ దాని మీద రంగు వెయ్యడానికి మనసొప్పలేదు, ఎండ తగిలేకొద్దీ అదే తేనె రంగుకీ తర్వాత గోధుమకీ తిరుగుతుంది. పనసకి రంధ్రాలు పెద్దవి, ఫిల్లర్ రెండుసార్లు పట్టించి గీకా. టేకు మెడకి మాత్రం లక్కరు నేరుగా కొడితే నూనె వల్ల సరిగ్గా ఆరకపోవచ్చని, ముందు మైనం తీసిన లక్కని స్పిరిట్‌లో కరిగించి గుడ్డతో రెండు పూతలు వేశా.

నాలుగు పూతలు చక్కగా పడ్డాయి. ఐదోది కొట్టిన పూట వాన ముసురు, నాకు తొందర. పది నిమిషాల్లో బాడీ అంతా పాలు కలిపినట్టు తెల్లబడింది. థిన్నర్ వేగంగా ఆవిరయ్యేటప్పుడు పైపొర చల్లబడుతుంది, గాలిలో తేమ దాని మీద నీరై లోపల చిక్కుకుపోతుంది, ఆ తెలుపు అదే. గీకెయ్యక్కర్లేదు. రెండు రోజులాగి ఎండ కాసిన పూట, మెల్లగా ఆరే రిటార్డర్ థిన్నర్‌ని పల్చగా మంచులా కొడితే లక్కరు మళ్లీ కరిగి, తేమ బయటికి పోయి, నా కళ్ల ముందే తెలుపు కరిగిపోయింది. అప్పట్నుంచి పొద్దున్న 10 నుంచి మధ్యాహ్నం 1 లోపు, గోడకి పెట్టిన తేమ మీటర్ 65 శాతం లోపు చూపిస్తేనే స్ప్రే గన్ పట్టుకున్నా. రోజుకి మూడు పూతలు మించలేదు, మొత్తం 12. ఇంకో మాట, లక్కరు ఆవిరికి నిప్పు ఇట్టే అంటుకుంటుంది, ఊపిరితిత్తులకీ మంచిది కాదు, కార్బన్ ఫిల్టర్ మాస్క్ లేకుండా, పక్కన పొయ్యి గానీ నిప్పురవ్వలు గానీ ఉన్న చోట దయచేసి కొట్టొద్దు.

తర్వాత నాలుగు వారాలు వేలాడదీసి వదిలేశా. 1000, 1500, 2000 నంబర్ కాగితాలతో నీళ్లలో ముంచి రుద్దా, ఆ తర్వాత కాంపౌండ్. కొమ్ము అంచు దగ్గర ఒక చోట రుద్దుతూ రుద్దుతూ చెక్క దాకా పోయా, అక్కడ మళ్లీ రెండు పూతలు కొట్టి ఇంకో వారం ఆగా. అంచులు చివర్లో, చేత్తో, కాగితం వెనక దిమ్మ లేకుండా రుద్దుకోవాలి.

అక్టోబర్‌లో తీగలు బిగించా. 12వ ఫ్రెట్ దగ్గర సన్న తీగ ఎత్తు 1.6 మి.మీ., లావు తీగ 2.0, బ్రిడ్జ్ ఇంకా రెండు మి.మీ. దిగడానికి చోటుంది. బరువు 3.8 కేజీలు. పనిముట్లు కాకుండా ఖర్చు 23,000 రూపాయల దాకా అయింది, అందులో ఎక్కువ పికప్‌లకీ హార్డ్‌వేర్‌కీ పోయింది. సెట్-నెక్ వల్ల నాదం ఎక్కువసేపు నిలుస్తుందని అందరూ అంటారు, నా దగ్గర ఇదే చెక్కతో చేసిన బోల్ట్-ఆన్ లేదు కాబట్టి పోల్చి చెప్పలేను, చెప్పను. చేతికి తెలిసే తేడా మాత్రం ఒకటుంది, మెడ మూలలో స్క్రూల ప్లేటూ మందపాటి దిమ్మా ఉండవు కాబట్టి ఆ చోటంతా నున్నగా అరచేతికి ఒదిగేలా చెక్కేశా, 17వ ఫ్రెట్ పైన చెయ్యి ఎక్కడా ఆగదు.

వానలు పోయి చలి మొదలయ్యాక మెడ వంపు కొంచెం మారింది, ట్రస్ రాడ్ (మెడ వంపు సరిచేసే లోపలి కడ్డీ) పావు చుట్టు తిప్పితే సరిపోయింది. జనవరిలో మెడ, బాడీ కలిసే చోట లక్కరు మీద సన్నటి గీత ఒకటి కనబడింది, గుండె జారింది. లైటు పెట్టి చూసి, మెడని వెనక్కీ ముందుకీ నొక్కి చూశా, గీత తెరుచుకోవడం లేదు, కింద అతుకు కదలడం లేదు. టేకు వేరు, పనస వేరు, తేమకి రెండూ ఒకేలా పెరగవు, తగ్గవు, మధ్యలో పల్చటి లక్కరు చీలింది అంతే. అయినా మనసు ఊరుకోక గీత రెండు చివర్లా చిన్న టేపు ముక్కలు అంటించి తారీఖు రాసి పెట్టా. ఐదు నెలలైంది, ఇవాళ పొద్దున్న కూడా చూశా, గీత ఆ టేపులు దాటలేదు.